మేడం శనివారం మూట

మేడం పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను నిచ్చెన మీదున్నాను. వనపర్తి దాటాక చేన్ల మధ్య ఉంటుంది మా ల్యాబు. అక్కడ కప్పు కింద నెట్ వైరు లాగుతుంటే గద్వాల నుంచి మేడం వాళ్ల అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, మా చెల్లె ఇగ లేదు. దవాఖానకు తీస్కపోయే లోపలనే పానం పోయింది."

ఏడుపు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది భయం. ఆమె లేకుండా ఆ పెట్టెను ఎట్లా కాపాడాలన్న భయం.

ఆ పెట్టె గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను. మాది పల్లి పంట మీద పరిశోధన చేసే ల్యాబు. ఇటిక్యాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా రైతుల చేన్లలో మట్టి తడిని కొలిచే యంత్రాలు పెట్టారు. ఆ లెక్కలు, ఆకుల ఫోటోలు రోజూ వచ్చి కంప్యూటర్లలో పడతాయి. అవి నిండిపోయినప్పుడల్లా, పని అయిపోయినదంతా వైరు మీదుగా ఒక పెట్టెలోకి పంపిస్తాం. చూడడానికి పెద్ద టిఫిన్ డబ్బాలా ఉంటుంది. లోపల నాలుగు డిస్కులు, ముందు నాలుగు పచ్చ లైట్లు. ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ అదొక్కటే అటక. ఏ ఏడాది లెక్క కావాలన్నా ఎవరైనా తమ సీట్లోంచే అందులో వెతుక్కోవచ్చు. దాన్ని చూసుకునేది మేడం.

"ఫోన్ పోతే కొనుక్కుంటం. పోయిన వానకాలాన్ని మళ్ల కొలుస్తమా?" అనేవారు.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. చదువు రాక కాదు, కూర్చోలేక. చేతులు కట్టుకోమని సార్లు అంటే నా చేతులు బల్లను గీకేవి, ముందువాడి కాలర్ లాగేవి. తర్వాత కేబుల్ పని, సీసీ కెమెరాల పని, ఒక ఎండాకాలం బోరు బండి మీద పని. ఎక్కడా నిలవలేదు. ల్యాబుకు వైర్లు వేయడానికి వచ్చి అక్కడే ఆగిపోయానంటే మేడం వల్లే. తమాషా ఏమిటంటే, ఆమె దగ్గర నేర్చుకున్న మొదటి పని కూడా చేతులు కట్టుకోవడమే.

ఒకరోజు పరిశోధన చేసే ఒక అమ్మాయి ఫోల్డర్ పెట్టెలో కనిపించలేదు. అందులో ఉన్నది ఆమె మొత్తం చదువు. ఆమె ముఖం తెల్లబోయింది. అందరం మూగాం. ఒకడు పెట్టె ఆపి మళ్లీ వేద్దామన్నాడు, ఇంకొకడు నెట్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ దొరుకుతుందన్నాడు. నేను అప్పటికే మౌస్ పట్టుకున్నాను. మేడం అన్నం తింటూ తింటూ చెంచాతోనే వచ్చారు.

"అందరు చేతులు కట్టుకోండ్రి."

ఒక్క క్లిక్ చేసి చూస్తానన్నాను.

"కట్టుకో అంటున్న."

అంత పెద్దవాళ్లం ఒకటో తరగతి పిల్లల్లా నిలబడ్డాం. ఆమె కూడా చెంచా పక్కన పెట్టి, చేతులు కట్టుకుని తెరను చూస్తూ కాసేపు ఊరికే నిలబడ్డారు. అప్పుడన్న మాట నాకు ఇప్పటికీ పనికొస్తుంది. "తప్పు చేస్తే ఏం పోదు. తప్పయినంక మనం చేసే ఆగమాగంతోని పోతది."

తర్వాత మెల్లగా వెతికారు. ఎవరి చేతిలోనో మౌస్ జారి, ఆ ఫోల్డర్ పోయి పక్క ఫోల్డర్‌లో పడింది. "యాడికి పోలే, పక్కింట్ల కూసున్నది. పోయి పిల్సుకరా" అన్నారు. ఆ అమ్మాయి నవ్వుతూనే ఏడ్చేసింది.

మేడంకు ధైర్యం ఎక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను. అంత భయస్తురాలిని నేను చూడలేదు. ఉరిమితే భయం. కరెంటు పోతే భయం, వస్తే ఇంకా భయం. బల్లి పెట్టె వెనక్కి పోతే అది బయటికి వచ్చేదాకా గద్వాల బస్సు ఎక్కేవారు కాదు. నాలుగు డిస్కులున్నాయి కదా, ఒకటి పోయినా దానిలోని లెక్కలను మిగిలినవి మోస్తాయని ఒకసారి నవ్వాను.

"రెండు పోతే?"

"రెండు ఒక్కసారే ఎట్ల పోతయి మేడం?"

"నాలుగు ఒక్కనాడే కొన్నం. ఒక్క తాననే ఉన్నయి, ఒక్కటే కరెంటు తాగుతున్నయి. ఒకదానికి రోగమొస్తే పక్కది బాగుంటదా? ఒక్క ఇంట్ల ఎన్ని పెట్టినా అది ఒకటే రా."

అందుకే శనివారం మూట. వేరే ఒక డిస్కు శనివారం పొద్దున ఆమెతోపాటే బస్సులో వచ్చేది. రోజంతా పెట్టెలోంచి దానిలోకి కాపీ చేసేవారు. సాయంత్రం వెలిసిపోయిన తువాలలో చుట్టి మళ్లీ గద్వాలకు తీసుకుపోయేవారు. ఒకసారి నేనూ ఆ బస్సులో ఉన్నాను. జనం కిక్కిరిసి ఉంటే కండక్టర్ మూట పైన పెట్టమన్నాడు. "చంటిపిల్లను పైన పెడ్తరా?" అని అడిగారు మేడం. అతను మూటలోకి తొంగి చూసి, టికెట్లు కొట్టడం కూడా మరిచి అట్లాగే నిలబడ్డాడు.

తను రాని రోజు పెట్టెను నేనే చూడాలని ఆ బస్సులోనే చెప్పారు. నాకు భయమన్నాను.

"భయమున్నోనివనే నీకు చెప్తున్న" అన్నారు.

ఆమె పోయాక ఎక్కువ రోజులు కాకముందే గాలివాన వచ్చింది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. తెల్లారి వెళ్లేసరికి పెట్టె ముందు రెండు ఎర్ర లైట్లు. తెర మీద ఒక ప్రశ్న. డిస్కులను కొత్తగా సిద్ధం చేయమంటావా, అవునా, కాదా. అవునంటే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. నా చేయి మౌస్ మీదే ఉంది. మా ల్యాబుకు పెద్ద అయిన డాక్టర్ సారు నా వెనక నిలబడి, నొక్కి చూద్దామా అన్నారు.

చేయి వెనక్కి తీసుకుని చేతులు కట్టుకున్నాను. "సార్, మీరు గూడ కట్టుకోండి" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి కట్టుకున్నారు. ఇద్దరం ఆ ఎర్ర లైట్ల ముందు అట్లా నిలబడి ఉండగా, గద్వాలలో ఇంకొకటి ఉండాలి కదా అని సారే అడిగారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజే మేడం కర్మ. పోయినవాళ్ల బట్టలు, వాడిన వస్తువులు మూటగట్టి కృష్ణలో వదిలేస్తారు. మా తాత పోయినప్పుడు మా ఇంట్లోనూ అంతే చేశారు. తువాలలో చుట్టిన మూట. చూసినవాళ్లెవరైనా ఆమెదే అనుకుంటారు. వాళ్ల అన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పెబ్బేరు మీదుగా బండి ఎట్లా నడిపానో గుర్తు లేదు. కృష్ణ మీదున్న బీచుపల్లి వంతెన దగ్గర మాత్రం ఆగాను. కింద ఒడ్డున సగం మునిగి కొన్ని మూటలున్నాయి. ఒక చీర కొంగు నీళ్లలో తెరుచుకుని అటూ ఇటూ ఆడుతోంది. ఎవరిదో తెలియదు. దిగి వెతకాలనిపించింది, దిగడానికి భయమేసింది.

గద్వాలలో వాళ్లింటి ముందు మందికి భోజనాలు పెడుతున్నారు. మేడం వాళ్ల వదినెను పక్కకు పిలిచి అడిగాను. బట్టల మూట పొద్దున్నే నదికి పోయిందని, తువాలలతో సహా అన్నీ కట్టేశామని చెప్పింది. చుట్టాల మధ్య నుంచి లోపలికి ఉరికి బీరువాలన్నీ తీసి చూడాలనిపించింది. అది చేయకుండా ఉండడానికే వాకిట్లో చేతులు గట్టిగా కట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే నది నుంచి వాళ్ల అన్న వచ్చాడు, తడి పంచెతో. నేను అడిగింది విని, చీరలు నేసే మగ్గం గదిలోకి తీసుకుపోయాడు. గోడ గూట్లో ఉంది మూట. అదే తువాల.

"ఇది దానిది గాదు తమ్మీ. మందిది, రైతులదని ఎప్పుడూ చెప్పేది. మందిది నదిల ఎట్ల ఏస్త?"

మూట నా చేతిలో పెట్టాడు గానీ వెంటనే వదల్లేదు.

"ఇందుల మా చెల్లె ఫోటో గిట్ట ఏమన్న ఉన్నదా?"

"లేదన్నా. పల్లి ఆకులు, మట్టి లెక్కలు."

తల ఊపి వదిలాడు.

పెట్టెకు కొత్త డిస్కులు వేసి, మూటలోంచి అన్నీ తిరిగి ఎక్కించాం. ఒక్కొక్క ఫోల్డర్ తెరిచి చూశాను. అన్నీ వచ్చాయి, ఆమె పోయిన వారం నుంచి గాలివాన దాకా ఉన్న లెక్కలు తప్ప. అవి మూటలోకి ఎక్కనే లేదు. ఫోల్డర్ పోయి దొరికిన ఆ అమ్మాయి మట్టి తడి గీత గీసి చూపించింది. ఆ చోట గీత తెగి ఉంది. అట్లాగే ఉంచుతానంది.

ఇప్పుడు శనివారం మూట నేను మోస్తున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని, దాని చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుంటాను. బడిలో ఒక్క గంట కూర్చోలేనివాణ్ని, గద్వాల దాకా కదలను. బీచుపల్లి వంతెన వస్తే కిందికి చూడను. భయం పోలేదు. పోవద్దనే అనుకుంటున్నాను.

వాళ్లింట్లో ఆ గూడు అట్లాగే ఉంచారు. నేను గుమ్మంలోకి రాగానే వాళ్ల అన్న మగ్గం ఆపేస్తాడు. ఆపాల్సిన పని లేదన్నాను మొదటిసారి. మూట ఊగితే ఖరాబయితదని చెల్లె చెప్పిందన్నాడు. నేను మూటను గూట్లో పెట్టి వెనక్కి తిరిగేదాకా, సగం నేసిన చీర ముందు, రెండు చేతులూ కట్టుకుని కూర్చుంటాడు.