డబ్బాలో దాచిన చీటీ

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. యాభై రెండేళ్లు దాటాక మా బిల్డింగులో ఉండే నర్సమ్మ అక్షరాలు దిద్దించింది.

నాలుగేళ్ల కిందట ఇది జరిగేనాటికి, మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో చాలా ఏళ్లుగా స్కూలు బస్సులో ఆయాగా చేస్తున్నాను. పిల్లల పేర్ల లిస్టు చేతిలో ఉండేది, చదివినట్టు నటించేదాన్ని. ఎవరు ఏ స్టాపులో ఎక్కుతారో మొహాలు చూసే గుర్తు పెట్టుకునేదాన్ని.

మా బిల్డింగు ఆడవాళ్లు పాస్‌పోర్టులూ కాగితాలూ నా బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవారు. ఇచ్చిన కాగితం మడత కూడా విప్పనని నా మీద నమ్మకం. విప్పినా ఏం ఉపయోగం లేదని వాళ్లకు తెలియదు.

రూతు మా బస్సులో ఐదో క్లాసు దాకా వచ్చింది. తండ్రి రుసైల్‌లో ఫ్యాక్టరీ పనిలో ఉండగా, రెండేళ్ల పిల్లగా తల్లి సుగుణతో ఇక్కడికి చేరింది. ఆయన చనిపోయాక పతాకా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఆగిపోయింది. చదువూ ఆగింది. తల్లీకూతుళ్లు బహ్లాలో ఒక తోట ఇంట్లో పనికి కుదిరారు.

రూతుకి పంతొమ్మిదేళ్లప్పుడు సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది. కార్డు లేనివాళ్లు కొత్త యజమాని దొరికితే ఇక్కడే ఉండొచ్చు, లేకపోతే జరిమానా లేకుండా దేశం వెళ్లిపోవచ్చు. సుగుణకి తోట అర్బాబే, అంటే యజమానే, వీసా ఇచ్చాడు. ఇంటిపని వీసా మీద కూతుర్ని ఉంచుకోవడానికి లేదు. వాడి కబీర్‌లో ఒక టైలర్ షాపు ఆవిడ రూతుకి వీసా ఇస్తానంది.

కార్డు లేకుండా బహ్లా నుంచి అంత దూరం రావడానికి ఆ పిల్ల భయపడింది. అందుకని ఫారాలు, వీసా అర్జీలు పంపే టైపింగ్ సెంటర్‌లో నేనే ఇచ్చాను. అక్కడి అబ్బాయి చీటీ ఇచ్చి, దాని మీద వేలితో తట్టి అరబ్బీలో ఏదో చెప్పాడు. అర్థం కాలేదనడానికి సిగ్గుపడి తలూపాను. చీటీ డబ్బాలో పెట్టాను. ఏమన్నారని రూతు ఫోన్‌లో అడిగితే, వాళ్లే ఫోన్ చేస్తారట అన్నాను.

నెల గడిచినా ఫోన్ రాలేదు. రూతు ధైర్యం చేసి తల్లితో వచ్చి చీటీ అడిగింది. నిలబడే చదివింది.

"పిన్నీ, వేలిముద్రలకి రమ్మని తేదీ వేశారు. పోయిన గురువారం."

"నువ్వు చూడలేదా అక్కా?" అంది సుగుణ.

"చూశానే. మర్చిపోయాను."

అప్పుడు కూడా నిజం నోట్లోంచి రాలేదు.

సుగుణ మొహం తిప్పుకుంది. రూతే నా భుజం పట్టుకుని, "పోనీలే పిన్నీ, బస్సులో మా అందర్నీ గుర్తు పెట్టుకోవడానికే నీ బుర్ర సరిపోయింది" అని నవ్వబోయింది.

మళ్లీ టైపింగ్ సెంటర్‌కి పరిగెత్తాం. ఫైలు మూసేశారు, క్షమాభిక్ష గడువులో మిగిలిన రోజులు దేశం వెళ్లిపోవడానికే పనికొస్తాయన్నారు. ఔట్‌పాస్, అంటే తిరిగి రావడానికి పనికిరాని ప్రయాణ కాగితం, తీసుకుని రూతు ఒక్కతే విమానం ఎక్కింది. మొహం కూడా గుర్తులేని మేనమామ ఇంటికి. ఎయిర్‌పోర్టులో, అక్కడ బస్సు ఎలా ఎక్కాలి పిన్నీ అని నన్నే అడిగింది.

కాగితాన్ని భద్రంగా దాచడమే సాయమనుకున్నాను. చదవడం రాదు అని ఒక్క మాట ఆ కుర్రాడితో అనుంటే సరిపోయేది.

మర్నాడు పొద్దున, బస్సు రాకముందే, డబ్బా పట్టుకుని ఒక్కో రూమ్ తలుపూ తట్టి ఎవరి కాగితాలు వాళ్లకి ఇచ్చేశాను. ఎందుకక్కా అని అడిగిన ప్రతి ఒక్కరికీ, నాకు చదువు రాదని చెప్పాను.