రత్నమణి చెవుల్లో దూది

రత్నమణి రోజూ నర్సీపట్నంలో ఆటో పట్టుకుని, నర్సీపట్నం రోడ్డు రైల్వేస్టేషన్లో ప్యాసింజరెక్కి, అనకాపల్లి బట్టల కొట్లో పనికి వెళుతుంది. కొట్లో పొద్దస్తమానం మైకు పాటలే. అందుకే రైల్లో ఈ గంటా తనదంటుంది. చక్రాల మోతతో ఆవిడకు పేచీ లేదు. గడగడలాడే కిటికీ రేకు సందులో అట్టముక్క దూర్చి, చెవుల్లో దూది పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. ఆ దూదికి లొంగనివి ఫోన్లే.

మొన్న ఎదురుసీట్లో వాళ్ల చర్చి కుర్రాడు ప్రభుకుమార్ ఫోన్లో వీడియోలు మోగించాడు. సౌండు తగ్గించమంది. "రైలే ఇంత మోత మోగతంటే నా ఫోనొక్కటే వినపడతందా ఆంటీ? పక్క పెట్టెలోకెల్లిపోండి," అన్నాడు. రత్నమణి దూది తీసేసి, కొంగు తలమీదికి లాక్కుంది. "ప్రార్థన సేసుకుందాం, తలలు వంచండి," అంది, మైకును మించిన గొంతుతో. ప్రభుకుమార్ వేలు దానంతటదే ఫోను ఆపేసింది, తల వంగింది. ఆమేన్ వినపడేదాకా కదలకూడదని వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. పెట్టెంతా సద్దుమణిగింది. రత్నమణి కళ్లు మూసుకుంది గానీ పెదవి కదపలేదు.

రైలు ఎలమంచిలి దాటింది. "ఆమేన్ ఎప్పుడంటారు ఆంటీ?" వంచిన తలతోనే గొణిగాడు ప్రభుకుమార్.

ఆవిడ కళ్లు తెరవలేదు. "అనకాపల్లిలో," అంది.