స్టీలు తూటాల చాచా

చాచా పోయారని పోయిన గురువారం పొద్దున తెలిసింది. సులైబియా గోదాములు దాటి మా బస్సు క్లబ్బు వైపు తిరుగుతుండగా, రాయచోటి నుంచి ఆయన కొడుకు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. "అన్నా, మా నాయన తెల్లారుజామున పోయినాడు. నీకు చెప్పమని మాయమ్మ చెప్పింది." అంతే. నా పక్కన కూర్చున్న నేపాలీ మనిషి నా ముఖం చూసి, చుట్టమా అని హిందీలో అడిగాడు. కాదు అన్నాను. అలా అన్నందుకు రోజంతా నా మీద నాకే కోపం వచ్చింది.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. కువైట్‌లో ఎడారి అంచున ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో, తుపాకుల గదిలో, ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. ఇఖామాలో, అంటే ఇక్కడి నివాస కార్డులో, ఆయన ఉద్యోగం ‘ఫర్రాష్’ అని ఉండేది. అంటే టీలు అందించి బల్లలు తుడిచే మనిషి. నిజానికి క్లబ్బులోని సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు పొద్దున బయటికి వెళ్లాలన్నా, సాయంత్రం తిరిగి అరల్లోకి చేరాలన్నా ఆయన చేతి మీదుగానే జరిగేది. నేను చేరిన రోజున నా ముందు టీ గ్లాసు పెట్టి, "కార్డులో నా పని ఇదేనబ్బీ. ముందు ఇది తాగు, యనక తుపాకులు చూద్దాం" అన్నారు. నేను కోనసీమ వాణ్ణి. ఆయన యాస సగం అర్థమయ్యేది కాదు. నా యాస విని ఆయన పడీ పడీ నవ్వేవారు. అయినా ఆ గదిలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

క్లబ్బులో రెండు రకాల తూటాలు వాడతారు. డబ్బున్న సభ్యులు ఇత్తడి తొడుగువి తెచ్చుకుంటారు. సాధన చేసేవాళ్లకు క్లబ్బే స్టీలు తొడుగు తూటాలు ఇస్తుంది. చౌక సరుకు. పైన పల్చటి రాగి పూత ఉండడంతో చూడ్డానికి అవీ ఇత్తడిలాగే మెరుస్తాయి. చాచా జేబులో ఎప్పుడూ చిన్న అయస్కాంతం ఉండేది. కొత్త పెట్టె వస్తే ముందు దాన్ని అంటించి చూసేవారు. ఆ అలవాటు బజారుకీ వెంట వచ్చేది. ఇత్తడిదని చెప్పి ఒకడు పళ్లెం అమ్మబోతే, అయస్కాంతం దానికి అతుక్కోగానే దుకాణదారు ముఖంలోకి చూసి నవ్వి, పళ్లేన్ని మర్యాదగా యథాస్థానంలో పెట్టేశారు.

చేరిన కొత్తలో నాకు అన్నీ తెలుసన్న పొగరు. స్టీలు తూటాల పెట్టెలు మోస్తూ, "ఏంటి చాచా ఈ చెత్త సరుకు? తుపాకులు పాడైపోవా?" అన్నాను. ఆయనకు చివుక్కుమంది.

"చౌకదైతే పేలదా? పేలుతాది గదా. దాన్ని తిట్టేది యాలబ్బీ?" అని నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "ఇత్తడి మెత్తన. పేలేటప్పుడు ఉబ్బి, తూటా కూర్చునే చాంబర్ గోడకు అతుక్కుంటాది, మసిని యనక్కి రానీదు. స్టీలు గట్టిది, అంత ఉబ్బదు. ఆ సందులో నుంచి మసి వచ్చి గోడకు పేరుకుంటాది. వరసగా స్టీలే కాలుస్తాంటే పెద్దగా తెలీదు. దాని యనకాల్నే ఇత్తడి ఏసినావనుకో, అది ఉబ్బి ఆ మసిలో ఇరుక్కుంటాది. కొక్కెం లాగితే అంచు తెగుతాది గానీ ఖోకా బయటికి రాదు."

ఖోకా అంటే పేలిన తూటా ఖాళీ తొడుగు. ఇక్కడ పనిచేసే అన్ని దేశాలవాళ్లూ అదే మాట వాడతారు.

"అయితే ఏం చెయ్యాలండీ?"

"ఏముండాది, కడగల్ల. స్టీలు కాల్చిన తుపాకిలో ఇత్తడి పెట్టే ముందర చాంబర్ కడగల్ల. అంతే. తప్పు తూటాది కాదు, కడగనోడిది."

పాత బనియన్లు చించిన గుడ్డపేలికలు, నూనె, ఒక ఇత్తడి బ్రష్షు, అవే ఆయన సరంజామా. కడగడం అయ్యాక చూపుడువేలు వాసన చూసుకుని, మసి వాసన లేకపోతేనే రైఫిలును అరలో పెట్టేవారు. కడిగినవేవో కడగనివేవో ఒక పుస్తకంలో రాసుకోవచ్చు కదా అంటే ఒప్పుకునేవారు కాదు. "తలకాయ మర్సిపోతాది గానీ చేతులు మర్సిపోవబ్బీ. పండుకున్నా నా చేతులకు యాది ఉంటాది" అనేవారు. ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క గర్వం అది. అందులో అబద్ధం కూడా లేదు. నేను ఉన్నన్నాళ్లలో ఆయన ఒక్కసారి కూడా పొరపడలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఇంటికి ఫోన్ చేసేవారు. ఏళ్ల తరబడి కాల్పుల మోతకు కుడి చెవి పోయింది. అందుకని స్పీకర్ పెట్టి ఎడమ చెవికి ఆనించుకుని, "తిన్న్యావామ్మీ?" అని గోడలు అదిరేలా అరిచేవారు. అవతల నుంచి ఆయన భార్య, మా చాచీ, అంతకంటే గట్టిగా, "ఆ గోదారి అబ్బి తిన్న్యాడా?" అనేది. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. నా తిండి సంగతి వారం వారం అడిగే మనిషి మాత్రం ఈ ప్రపంచంలో ఆమె ఒక్కతే.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి. అసలు ఇది రాయడానికి కూర్చున్నదే దానికోసం.

మూడేళ్ల కిందటి ఎండాకాలం. పొద్దుటి నుంచి ఆరో నంబరు రైఫిల్లో స్టీలు తూటాలు కాల్చారు. మధ్యాహ్నం నమాజుకు వెళ్తూ చాచా, "ఆరో నంబరు నువ్వు కడుగు, యనక ఇత్తడోళ్లు వస్తారు" అని చెప్పారు. సరే అన్నాను. ఫోన్ చూస్తూ కూర్చుని మరిచిపోయాను. ఆయన తిరిగొచ్చేసరికి సభ్యులు కౌంటర్ దగ్గర నిలబడి యల్లా యల్లా అని తొందరపెడుతున్నారు.

"ఆరో నంబరు కడిగినావా?" అన్నారు.

మరిచిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. "మీరే కడిగి వెళ్లారు కదా చాచా" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. తర్వాత చేతుల వైపు చూసుకున్నారు. "అవునా?" అన్నారు. ఆరో నంబరు తీసి సభ్యుడి చేతికిచ్చారు. నన్ను నమ్మారు. తన చేతులకంటే నన్నే ఎక్కువ నమ్మారు.

కాసేపటికి బయట మూడో లైనులో కేకలు వినిపించాయి. ఆయన చెప్పినట్టే జరిగింది. ఇత్తడి ఖోకా చాంబర్‌లో ఇరుక్కుంది. అంచు తెగింది. దాని వెనక ఇంకో తూటా ఎక్కి బిగుసుకుపోయింది. పట్టుకున్న సభ్యుడు కంగారులో రైఫిలును అటూ ఇటూ తిప్పితే, వరసలో ఉన్నవాళ్లంతా నేల మీద పడుకున్నారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. మా ముదీర్, అంటే మేనేజరు, గదిలోకి వచ్చి ఎవరు కడిగారని అరిచాడు. నేను నోరు తెరిచేలోపు చాచా, "అనా" అన్నారు. నేనే అని.

నన్ను కాపాడడానికి అలా అన్నారనుకోకండి. అదే నిజమైతే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఆయన నిజంగానే తన తప్పనుకున్నారు. నేను నోరు తెరిచేలోపు అని పైన రాశాను కదా, అదీ పూర్తిగా నిజం కాదు. ఆ వారమే నా ఇఖామా రెన్యువల్ కాగితాలు ముదీర్ బల్ల మీద ఉన్నాయి. నేను నోరు తెరవను కూడా తెరవలేదు.

ముదీర్ కాసేపు అరిచి వెళ్లిపోయాడు. ఆయన్ని తీసేయలేదు. చాచాయే మర్నాడు తుపాకుల గది తాళంచెవి నా చేతిలో పెట్టి, బయట ఖోకాలు ఏరే పనికి వెళ్లిపోయారు. "వద్దులేబ్బీ. నా చేతులు కూడా మర్సిపోతాండాయి. రేపు ఎవురికన్నా ఏమన్నా అయితే?" అన్నారు. ఆ ఎండలో, బకెట్ పట్టుకుని, అరవై దాటిన మనిషి. నేను ఏసీలో ఆయన కుర్చీలో కూర్చున్నాను.

అప్పటి నుంచి ప్రతిదానికీ నన్ను అడగడం మొదలుపెట్టారు. "గది తలుపు ఏసినానా?" "ఏశారు చాచా." "నేను నమాజు చేసుకున్న్యానా?" "చేసుకున్నారు." రోజుకు పదిసార్లు అడిగినా ఓపిగ్గా జవాబు చెప్పేవాణ్ణి. ఈ గోదావరి మనిషికి ఎంత ఓర్పో అని క్లబ్బులో నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపాను. ఆయన ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోయే రోజు, చెప్పి తీరాలని ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. సామాను తూకం వేయించాక నా చెయ్యి పట్టుకుని, "బద్రంగా ఉండబ్బీ, నా మాదిరి కావద్దు" అన్నారు. "అలాగే చాచా" అన్నాను. తర్వాత ఫోన్ చేయడం తగ్గించాను. చివరి ఆరు నెలలు అసలు చేయనే లేదు.

మొన్న శుక్రవారం, ఆయన ఇంటికి ఫోన్ చేసే వేళకే నేను చాచీకి చేశాను. నా గొంతు వినగానే, "గోదారబ్బీ, తిన్న్యావా?" అంది. ఇంట్లో చావు జరిగి రెండో రోజు, ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది.

తర్వాత ఆయన గురించి చెప్పుకుంటూ పోయింది. "వచ్చినకాడి నుంచి మనిషి మనిషి గాదబ్బీ. నాకు మతి పోయింది, నన్ను నమ్మొద్దు అనేటోడు. పొయ్యి ముట్టించేటోడు గాదు. తాళాలు నన్నే పెట్టుకోమనేటోడు. మనవడు పుట్న్యాడా, ఒక్క తూరి ఎత్తుకోలా. ఎత్తుకోమని ఒళ్లో పెడితే, వద్దమ్మీ, జారిడుస్తా అని ఏడిసినాడు."

అప్పుడు చెప్పేశాను. ఆరో నంబరు సంగతి, నా అబద్ధం, అన్నీ. "ఆయన మరిచిపోలేదు చాచీ. కడగమని నాకు చెప్పారు. కడగంది నేను. ఆయనే కడిగారని అబద్ధం చెప్పింది కూడా నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. శాపనార్థాలు పెడితే పడదామని కాచుకుని ఉన్నాను.

"అయితే ఆయన మర్సిపోలేదా?" అంది చాచీ.

"లేదు చాచీ."

"మతి బాగానే ఉన్న్యాదా?"

"బాగానే ఉంది. నాకంటే బాగుంది."

ఆమె గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "ఒరే, ఇట్ట రాండ్రా!" అని లోపలివాళ్లను కేకేసింది. "ఇన్న్యారా, మీ నాయన ఏమీ మర్సిపోలేదంట! ఆయనకు మతి చక్కంగ ఉన్న్యాదంట! గోదారబ్బి చెప్తాండాడు!" అంత సంతోషం ఆ గొంతులో నేను ఎప్పుడూ వినలేదు. ఫోన్ ఎక్కడో పెట్టేసిన చప్పుడైంది. చెప్పులు టపటపలాడుతూ బయటికి వెళ్లాయి. వీధిలో ఎవరినో ఆపి మళ్లీ అదే చెప్పింది. పక్కింటి తలుపు కొట్టింది. మళ్లీ చెప్పింది. ఆ మాట ఇల్లిల్లూ దాటి దూరమవుతూ ఉంది. నన్ను అడగడానికి గానీ తిట్టడానికి గానీ ఎవరూ తిరిగి ఫోన్ దగ్గరికి రాలేదు. నేను మాత్రం దాన్ని చెవికి ఆనించుకునే కూర్చున్నాను. అవతల ఖాళీ ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. ఆ మనవడే కాబోలు, పసివాడొకడు తనలో తానే ఏదో ఆడుకుంటూ నవ్వుతున్నాడు.