రోజాల నెలలో రిఫా హోటళ్లు

గల్ఫ్‌లో మేం పనిచేసే రిఫా పట్టణంలో ఆ వీధిలో దొరకని తిండి లేదు. యెమెన్ వాళ్ల మాంసం అన్నం మందీ, టర్కీ కబాబులు, కేరళ పరోటా, ఫిలిప్పీన్ నూడుల్సు, అమెరికా బర్గర్లు. సెలవు రోజున ఎక్కడ తినాలో తేలక మేమిద్దరం కొట్లాడుకునేవాళ్లం. నేను మందీ అంటే, లేబర్ క్యాంపులో నా పక్క మంచం పెద్దాయన, నేను కాకా అని పిలిచే మనిషి, పరోటా అనేవాడు. రోజా ఉపవాసాలుండే రంజాన్‌లో ఆ మధ్యాహ్నం మాత్రం అన్ని షటర్లూ దించే ఉన్నాయి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది మా పని.

సైటులో సామాను దించి వస్తున్నాం. నేను తోలే వ్యానులో ఏసీ నడుస్తున్నా కాక చొక్కా చెమటతో తడిసిపోయింది.

"పొద్దుగాల షుగర్ గోలి ఏసుకున్న తమ్మీ. బువ్వ తినలే."

"మరి డబ్బా ఏదే కాకా?"

"క్యాంపులనే ఇడిసిపెట్టిన. సైటుల అందరు ఒక్కపొద్దున్నరు. ఆళ్ల ముంగట ఎట్ల తింట?"

గోలి పడి, తిండి పడక షుగర్ దిగిపోయిందన్నమాట. నాకు ఒళ్లు మండింది. మర్యాదకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకునే మనిషిని ఏమనాలి? తిట్టుకుంటూనే బండి ఆపి పరుగెత్తాను. చిల్లర కొట్టువాడు నమాజుకు వెళ్లాడు. బర్గర్ల హోటల్ తలుపు బాదాను, పలికేవాడు లేడు. వెనక్కి చూస్తే కాక తల కిటికీకి వాలిపోయి ఉంది.

పక్క సందులో ఒక చిన్న హోటల్ వెనక తలుపు తెరిచి ఉంది. లోపల బంగ్లాదేశ్ వంటవాడు సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ కోసం కూర కలుపుతున్నాడు. "భాయ్, చీనీ! షుగర్ కా ఆద్మీ హై!" అని అరిచాను. అతను గరిటె వదిలేసి, చక్కెర నీళ్లు కలుపుకొని నాకంటే ముందే వ్యాను దగ్గరికి ఉరికాడు. గడ్డం పట్టుకొని గుక్క గుక్కగా తాగించాడు. కాసేపటికి కాక కళ్లు తేటపడ్డాయి.

ఇద్దరం పట్టుకొని వంటింట్లో కూర్చోబెట్టాం. అతను వేడన్నం, పొయ్యి మీది కూర మా ఇద్దరికీ వడ్డించాడు. అతని ఎండిన పెదాలు చూసి కాక చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. అది గమనించి అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఖావో చాచా, ఖావో," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ముద్ద నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. నా అరుపుకి ఉరికొచ్చినవాడు కూరలో ఉప్పు వేయడం మరిచాడు. ఉపవాసం కాబట్టి రుచీ చూడలేదు. వంక పెట్టనిదే ముద్ద దిగని నోరు నాది. నోరు తెరవబోయానో లేదో, బల్ల కింద కాక నా కాలు తొక్కాడు.

"ఉప్పు సంగతి ఎత్తకు తమ్మీ," అని గొణిగి, ఇంకాస్త వెయ్యమని పళ్లెం ముందుకు జరిపాడు. "భాయ్, ఔర్ థోడా."