పంతులు రాయని పేరు

యుద్ధకాలం. శామీర్‌పేటలో ఇంటింటికీ తిరిగి జనాభా లెక్క రాసే పని చర్చి బడి పంతులు సత్యానందానికి పడింది. కలం ముంచిన ప్రతిసారీ పాళీని తలవెంట్రుకలకు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఆయన్ని చూడగానే తల్లులు ఎదిగిన కొడుకులను గాదెల వెనక దాచేవారు.

"పంతులూ, మందిని లెక్కవెట్టినందుకే దావీదు రాజ్యానికి తెగులొచ్చిందని మొన్న నువ్వే బైబిల్ల చదివితివి గదా! గిప్పుడు లడాయికి పట్టుకపోనీకేనా గీ లెక్క?" అంది ఒక ఇంటి ముసలమ్మ ఎలీషమ్మ.

"ఎంతమందిమో తెల్వకుంటే సర్కారు మనల్నెట్ల ఏలుతదవ్వా?"

"తెల్వకనే గింత సల్లగున్నం బిడ్డా."

ఆయన నవ్వి ఆమె మనవడి పేరు రాసుకున్నాడు. చివరికి తన ఇల్లు వచ్చింది. పద్దెనిమిదేళ్ల కొడుకు మోషే మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. సత్యానందం పాళీని మూడుసార్లు తలకు తుడుచుకుని, ఇంట్లో భార్యాభర్తలం ఇద్దరమేనని రాశాడు.