రీడింగులు రాసే పిల్ల

దర్జీ కూతురికి ఇంజనీరింగు కాలేజీలో ముత్యాలు అని పేరు పడింది. ఆమె అక్షరాలు అంత గుండ్రంగా ఉండేవి మరి. చేరిన కొత్తలో మోటార్ల ల్యాబులో ఆమె రాసిన కాగితం చూసి, ఆమె గ్రూపులోని పొడుగువాడు, "రికార్డు నువ్వే రాసెయ్ ముత్యాలూ. మా రాత చదివితే సారు కళ్లజోడు మార్చుకోవాలి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఊరుకాని ఊళ్లో తనతో ఒకరు నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు. ఆ సంబరంలో పలుపుతాడు తనే మెడకు తగిలించుకుంది.

ఇక అదే వరసైపోయింది. మగపిల్లలు వైర్లు కలిపేవారు, మీటలు తిప్పేవారు. ఆమె ఓ వారగా స్టూలు మీద కూర్చుని వాళ్లు కేకేసిన అంకెలు రాసుకునేది. ఎప్పుడైనా చెయ్యి చాపితే, "నీకెందుకు, షాక్ కొడుతుంది" అనేవాళ్లు. వాళ్లకి మాత్రం కరెంటు మేనమామ కాబోలు. ల్యాబు అవగానే రికార్డు పుస్తకం ఆమె ముందు పడేసి క్యాంటీనుకి పోయేవాళ్లు. నువ్వూ రా అని ఒక్కరూ అనలేదు. హాస్టలు గదిలోనూ అంతే, ఎవరి మాటలు వాళ్లవి. అమ్మ ఫోన్ చేస్తే, "బానే ఉన్నానమ్మా, రికార్డుకి మంచి మార్కులొచ్చాయి" అనేది. అబద్ధమూ కాదు.

ప్రాక్టికల్ పరీక్షనాడు ఎవరి మోటారు ముందు వాళ్లే నిలబడాలి. ఎగ్జామినరు కసురుకునే మనిషి కాదు. "కనెక్షన్ ఇవ్వమ్మా" అన్నాడు. ఏ అంకె ఎంత రావాలో ఆమెకి కంఠతా వచ్చు. ఏ వైరు ఎక్కడ బిగించాలో చేతికి తెలీదు.

"ఇన్నాళ్లూ ల్యాబుకి రాలేదా?"

"వచ్చానండి. రాసేదాన్ని."

పక్క మోటారు దగ్గర పొడుగువాడు, ఏదో బిగిస్తున్నవాడిలా తల వంచుకున్నాడు.

పరీక్ష తప్పి, సెలవులకి ఇంటికొచ్చేసింది. "ఒక్క పరీక్ష పోతే కొంపేం మునగలేదు, మళ్లీ రాద్దువుగాని" అంది అమ్మ. పరీక్ష ఎలాగైనా గట్టెక్కవచ్చు. మళ్లీ ఆ స్టూలు మీదికి ఏ ముఖంతో పోవాలన్నదే ఆమె బెంగ. ఎవరైనా ఒక్కరు ఫోన్ చేసి 'ఎప్పుడొస్తావ్' అంటే వెళ్లిపోదామని మనసులో అనుకుంది. ఫోను పక్కనే పెట్టుకుని కాజాలు కుడుతూ కూర్చునేది. కాలేజీ తెరిచారు. కొన్నాళ్లకి ఫోను మోగింది.

"ముత్యాలూ, నేనే." పొడుగువాడి గొంతు.

ఆమె సూది పక్కన పెట్టేసింది. "చెప్పు."

"మన రికార్డు ఎక్కడ పెట్టావ్? కొత్త సారు అడుగుతున్నాడు."

"ల్యాబు బీరువాలో. కింది అర."

"హమ్మయ్య, బతికించావ్."

ఇంకేమన్నా అంటాడేమోనని ఫోను చెవికే ఆనించుకుంది. అవతల మోటారు తిరుగుతున్న చప్పుడు. కాసేపటికి లైను తెగి అదీ ఆగిపోయింది.

"ఎవరే?" అమ్మ మిషను తొక్కడం ఆపింది.

"కాలేజీ వాళ్లమ్మా."

"రమ్మన్నారా?"

"పుస్తకం అడిగారు."

అమ్మ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కూతురు సూదిలోకి కొత్త దారం ఎక్కించి, చొక్కా గుండీపట్టీ ఒళ్లోకి లాక్కుంది.