జల్‌పల్లి రాళ్లలో మాయమైన యాదగిరి

పోయినసారి ఆఫీసువాళ్లం ఆడిన జెండా ఆటలో, అదే దాక్కుంటూ వెళ్లి అవతలి జట్టు జెండా లాక్కొచ్చే ఆటలో, మా జట్టు చిత్తుగా ఓడింది. అవతలివాళ్లు "ఆట అయిపోయింది, రండి" అని కేకేస్తే నమ్మి బయటికొచ్చి దొరికిపోయాం. ఆఫీసులో వారమంతా అవే వెక్కిరింపులు. అందుకే ఈ ఆదివారం జల్‌పల్లి రాళ్లలో ఆటకు సరంజామాతో వెళ్లాలని నేనూ, నా పక్క సీటు యాదగిరీ నిశ్చయించుకున్నాం.

ఉదయం లాల్‌దర్వాజా నుంచి నడుచుకుంటూ పత్తర్‌గట్టి బజారుకు వెళితే, అచ్చం బండరాయి రంగు చీర నూట ఇరవైకి దొరికింది. కప్పుకుని కూర్చుంటే మనిషి ఆనవాలు తెలియదు. జరీ అంచు కత్తిరించేద్దామన్నాడు యాదగిరి. తర్వాత మా ఆవిడకు పనికొస్తుందని నేను ఒప్పుకోలేదు, దర్జీ చేత లోపలికి మడిపించి కుట్టించాను. పెళ్లి దీపాలమ్మే కొట్లో బ్యాటరీతో మిణుకుమనే ఎర్ర బల్బు కూడా కొన్నాం. దాన్ని పొదలో వేలాడదీస్తే అందరూ అటు చూస్తారని మా పథకం.

మధ్యాహ్నం చాంద్రాయణగుట్ట మీదుగా ఖాజా భాయ్ ఆటోలో బయల్దేరాం. రానూపోనూ రెండొందలు.

"ఏంది సార్, గింత పెద్దోళ్లు దాగుడుమూతలాడుతరా?" అని నవ్వాడాయన.

అక్కడ యాదగిరి చీర కప్పుకుని రాళ్లలో నక్కాడు. బల్బు బ్రహ్మాండంగా పనిచేసింది. కాపలావాళ్లు అటు పరుగెత్తగానే నేను జెండా లాక్కొచ్చేశాను. గెలిచాం. అందరూ వచ్చారు, యాదగిరి తప్ప. గొంతు పోయేలా పిలిచినా పలకలేదు. వెలుగు కనబడుతుందని ఫోను కూడా ఆపేశాడు. రాళ్ల వెనక నీళ్లు నిండిన పాత క్వారీ గుంత ఉంది, అతనికి ఈత రాదు. పొద్దు వాలుతుంటే గుంత అంచు దాకా వెళ్లి ఆగిపోయాను. గుంతలోకి తొంగి చూసే ధైర్యం లేకపోయింది.

"ఫికర్ చెయ్యకు సార్," అంటూ ఖాజా భాయ్ ఆటో తిప్పి హెడ్‌లైటు రాళ్ల మీదికి వేశాడు. ఒక బండ పక్కన సన్నగా బంగారు గీత మెరిసింది. కుట్టు ఊడి జరీ అంచు బయటపడింది. చీర లాగితే కింద యాదగిరి, చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు.

"ఇంతసేపు పిలుస్తుంటే పలకవేంటయ్యా?"

"పోయినసారి గిట్లనే పిలిచిండ్రు గదన్నా. మల్ల మోసపోతననుకున్నవా?"

తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియక రెండూ చేశాను. తిరుగు దారంతా అతని చెయ్యి వదల్లేదు. దాక్కోవడం మీద అంత బుర్ర పెట్టిన వాళ్లం దొరకడం గురించి ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. మీరూ వెళ్లేటట్లయితే ముందే గుంతలు లేని చోటు చూసుకోండి. ఆట ముగిసిందని చెప్పడానికి ఒక విజిల్ ఉంచుకుని, దాంతో ఎవరూ మోసం చేయకూడదని రెండు జట్ల చేతా ఒట్టు వేయించండి. ఆ చీర ఇప్పుడు యాదగిరి దగ్గరే ఉంది. అంచు కత్తిరించే మాట మాత్రం ఎత్తడం లేదు.